యల్లాప్రగడ సుబ్బారావు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. సోదరులిద్దరిని గ్రహణి వ్యాధి బలిగొనగా, ఆ దుఃఖమే ఆయనను పరిశోధన వైపు మరల్చిందంటారు. 1940లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో చేరి, ఆ రోగానికి మందైన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి సారథ్యం వహించారు. దానికి విరోధిగా రూపొందిన మెథోట్రెక్సేట్ కాన్సరు మందుగానే గాక, మూలుగ మార్పిడిలో దాత కణాలు గ్రహీత దేహంపై తిరగబడకుండా అడ్డుకొనే మందుగానూ స్థిరపడింది. ఆయన పర్యవేక్షణలో వెలువడిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ మందులలో మొదటిది. 1994లో సూరత్‌లో ప్లేగు చెలరేగినపుడు జనం ఆశ్రయించినవి ఆ కుటుంబపు మందులే. సంగారెడ్డి, పటాన్‌చెరు ఔషధ కర్మాగారాలను నిత్యం చూసే విద్యార్థులలో ఎందరు ఆయన పేరు విన్నారో! 1948 ఆగస్టులో ఆయన న్యూయార్క్‌లో కన్నుమూశారు. తొలి మూత్రపిండ మార్పిడి ఫలించడానికి అప్పటికింకా ఆరేళ్ల వ్యవధి ఉంది.