పేదల పొలము: ఫానీ లూ హేమర్ జీవితము

అమెరికా దక్షిణ భాగమున, మిసిసిపీ రాష్ట్రములో, 1917 అక్టోబరు 6న ఒక నల్లజాతి కుటుంబమునకు ఇరువదవ బిడ్డగా ఫానీ లూ జన్మించెను. తండ్రి బాప్టిస్టు బోధకుడు. తలిదండ్రులిరువురును తెల్లజాతి భూస్వాముల పొలములలో పాలుకు పత్తి పండించువారు. విత్తనములును తిండిగింజలును అప్పుగా ఇచ్చువాడు భూస్వామియే; పంట వచ్చినప్పుడు లెక్క కట్టువాడును అతడే. కావున ఏడాది కష్టము ముగియునప్పటికి ఆ ఇంట మిగులునది అప్పు మాత్రమే.

ఆమె ఆరేండ్ల పిల్లగా నున్నప్పుడు, ఒక వారములో 30 పౌన్ల పత్తి ఏరినచో తన అంగడిలోని తినుబండారములు ఇచ్చెదనని భూస్వామి ఆశపెట్టెను. పిల్ల ఏరెను. మరుసటి వారము 60 పౌన్లు ఏరవలసివచ్చెను. ఆమె కొలువు ఆ విధముగా మొదలాయెను. ఒక ఏడు తండ్రి కొంత కూడబెట్టి కంచరగాడిదలను, బండిని కొనగా, ఎవరో మేతలో విషము కలిపి వాటిని చంపిరి. ఆ కుటుంబము మరల కోలుకొనలేదు.

పెండ్లియైన పిమ్మట ఆమె భర్త పెర్రీ హేమర్‌తో రూల్‌విల్ దగ్గర ఒక పత్తి క్షేత్రములో 18 ఏండ్లు పనిచేసెను. చదువు కొద్దిపాటిదైనను వ్రాయను చదువను నేర్చినది గనుక కూలీల లెక్కలు ఆమెకు అప్పగింపబడెను. అచ్చటి తూకము మోసపు తూకము. యజమాని కనుమరుగైనప్పుడు ఆమె సరియైన గుండు పెట్టి తూచి, కూలీలకు న్యాయము చేయుచుండెను.

1962 ఆగస్టులో రూల్‌విల్ దేవాలయమొకదానిలో కూటము జరిగెను. వచ్చినవారు పలువురు విద్యార్థి ప్రాయపు యువకులు. ఆమెకు 44 ఏండ్లు. తనవంటివారికి వోటు హక్కు కలదని ఆమె తెలిసికొనినది ఆ రాత్రియే. తన బిడ్డల యీడువారి మాట విని, ఆగస్టు 31న మరి 17 మందితో ఇండియనోలా పట్టణమునకు పేరు నమోదు చేయించుకొన వెళ్లెను. తిరుగు ప్రయాణములో పోలీసులు బస్సును ఆపగా, భయపడిన తోటివారికి ఆమె కీర్తనలు పాడి ధైర్యము చెప్పెను. ఆ సాయంకాలమే యజమాని ఆమెను ఇంటినుండి వెళ్లగొట్టెను.

1963 జూన్‌లో వైనోనా చెరసాలలో పోలీసులు ఆమెను తోటి నల్లజాతి ఖైదీల చేతనే కొట్టించిరి. మూత్రపిండమునకును కంటికిని కలిగిన హాని జీవితాంతము నిలిచెను. అయినను ఆమె ద్వేషమును హృదయములో చేర్చుకొనలేదు. 1964లో అట్లాంటిక్ సిటీ మహాసభలో ఆమె సాక్ష్యము దేశమంతయు వినెను. రాజీగా చూపిన రెండు స్థానములను ఆమె నిరాకరించెను. 1965లో వోటు హక్కు చట్టము వచ్చెను.

చట్టము వచ్చెను గాని ఆకలి పోలేదు. పత్తి ఏరు యంత్రములు వచ్చి కూలి పోయెను. వోటు నమోదు చేయించుకొనినవారికి ఇల్లును పనియు ఒక్క దినముననే పోవుచుండెను. తన రొట్టె పరుల చేతిలో నున్నంతకాలము తన వోటును పరుల చేతిలోనే యుండునని ఆమె గ్రహించెను.

1968లో నల్లజాతి స్త్రీల జాతీయ మండలి సహాయముతో ఆమె పందుల బ్యాంకు స్థాపించెను. పేద కుటుంబము ఒక ఆడపందిని తీసికొని పెంచును; పిల్లలు పుట్టినప్పుడు కొన్నిటిని తిరిగి ఇచ్చును; అవి వేరొక ఇంటికి పోవును. 1969లో 40 ఎకరములతో ఆరంభమైన ఫ్రీడమ్ ఫార్మ్ సహకార సంఘము కొలది యేండ్లలో 600 ఎకరములు దాటెను. ఉత్తరాది యువజనులు ఆకలి నివారణకై కాలినడక యాత్రలు చేసి విరాళములు కూర్చిరి. కూరగాయలు తిండికి, పత్తియు సోయాయు భూమి బాకీకి. సభ్యత్వము నెలకు ఒక డాలరు. అదియు ఇయ్యలేనివారే అధికులు. అయినను ఎవరును వట్టి చేతులతో పోలేదు. పేద తెల్లజాతి కుటుంబములును అచ్చట పాలు పొందెను. ఆకలికి రంగు లేదని ఆమె ఎరుగును.

వరదలు, అనావృష్టి, అప్పులు ఆ పొలమును కృంగదీసెను. వ్యవహారము చూచువారు కొరతపడిరి. ఆమె దేహమును క్షీణించెను. 1970ల మధ్యనాటికి భూమి బహుభాగము చేజారెను. 1977 మార్చి 14న, 59వ యేట, క్యాన్సరు వ్యాధితో ఆమె ప్రభువునందు నిద్రించెను. ఆమె దేహము రూల్‌విల్‌లో, సంఘమునకు చెందిన నేలలోనే సమాధి చేయబడెను. 2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ఆమెకు మరణానంతరము దేశ అత్యున్నత పౌర పతకము ప్రకటించెను.

ప్రియ చదువరీ, లూకా సువార్త 4వ అధ్యాయములో నజరేతు సమాజమందిరమున ప్రభువు చదివిన లేఖనము ఆమెకు మిక్కిలి ప్రియమైనది. బీదలకు సువార్త యనగా ఆమెకు పాట, ప్రార్థన, వాటితోకూడ సరియైన తూకము, పొరుగువాని ఇంటికి చేరు ఒక పందిపిల్ల. పొలము పోయెను, పంచుకొనిన రొట్టె వ్యర్థము కాలేదు. మన చేతిలోని త్రాసు నేడు ఎట్లు తూగుచున్నది?