ఆదివారపు ఉత్తరాలు

అమెరికన్ సాహిత్యం చదివే విద్యార్థులకు హెన్రీ ఆడమ్స్ పేరు పరిచయమే. ఆయన స్వీయచరిత్ర ‘ది ఎడ్యుకేషన్ ఆఫ్ హెన్రీ ఆడమ్స్’ చదవమని మాస్టార్లు చెబుతుంటారు. చదివినవాళ్ళకు ఒకచోట తప్పకుండా అనుమానం వస్తుంది. 1871 దాకా నడిచిన కథ, పేజీ తిప్పేసరికి 1892లో తేలుతుంది. మధ్యలో ఇరవై ఏళ్ళు గల్లంతు! ఆ ఇరవై ఏళ్ళలోనే ఆయన పెళ్ళి చేసుకున్నాడు, పదమూడేళ్ళు కాపురం చేశాడు, భార్యను పోగొట్టుకున్నాడు. పుస్తకం మొత్తం వెతికినా ఆ భార్య పేరు కనిపించదు. ఆవిడ గురించి మనకు ఈ మాత్రమైనా తెలిసిందంటే అది భర్త చలవ కాదు. ఆవిడ వారం వారం తండ్రికి రాసుకున్న ఉత్తరాల చలవ.

ఆవిడ పేరు మేరియన్ హూపర్. ఇంట్లో అందరూ క్లోవర్ అనేవారు. 1843 సెప్టెంబరు 13న బోస్టన్‌లో కలిగిన కుటుంబంలో పుట్టింది. తండ్రి రాబర్ట్ విలియమ్ హూపర్ కంటి డాక్టరు. తల్లి ఎలెన్ స్టర్జిస్ కవయిత్రి. ఎమర్సన్ బృందంలో మనిషి. ఆ తల్లి 1848లో క్షయతో పోయింది. అప్పటికి క్లోవర్‌కు అయిదేళ్ళు. డాక్టరుగారు మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఎలెన్, ఎడ్వర్డ్, క్లోవర్ - ముగ్గురు పిల్లలకూ తల్లీ తండ్రీ తానే అయ్యాడు. ఆఖరి పిల్లకు ఆయన మీద ఎంత ప్రాణమో తరువాత కథంతా చెబుతుంది.

చదువు కూడా బాగానే చెప్పించారు. ఆడపిల్లలకు కాలేజీ తలుపులు తెరుచుకోని రోజులవి. కేంబ్రిడ్జిలో అగాసిజ్ దంపతులు తమ ఇంట్లోనే నడిపిన బడిలో చేరింది. జర్మన్, లాటిన్, కొంచెం గ్రీకు వచ్చేశాయి. అంతర్యుద్ధంలో సైనికుల సహాయం కోసం పెట్టిన శానిటరీ కమిషన్‌లో పనిచేసింది. 1865 మేలో యుద్ధం ముగిశాక, వాషింగ్టన్‌లో రెండు రోజులపాటు సాగిన సైనిక కవాతు చూసితీరాలని పట్టుబట్టి వెళ్ళింది. లింకన్ హత్యకేసు విచారణ జరుగుతున్న హాల్లోకి కూడా వెళ్ళి ముద్దాయిలను కళ్ళారా చూసి వచ్చింది. అప్పుడు రాసిన ఉత్తరం మిగిలింది. ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల రాతలా వుండదది. ఆరితేరిన విలేఖరి రాసినట్టుంటుంది.

ఇక పెళ్ళి సంగతి. హెన్రీ తాతా ముత్తాతలిద్దరూ అమెరికా అధ్యక్షులు. తండ్రి లండన్‌లో రాయబారి. 1866లో లండన్‌లోనే వీళ్ళిద్దరికీ మొదటి పరిచయం. అప్పుడేమీ కాలేదు. తరువాత హెన్రీ హార్వర్డ్‌లో మధ్యయుగ చరిత్ర ప్రొఫెసరుగా వచ్చాడు. క్లోవర్ అక్క ఎలెన్ భర్త గర్నీ కూడా అక్కడే ప్రొఫెసరు. ఆ అక్కాబావల ఇంట్లో రాకపోకలు పెరిగి, 1872 ఫిబ్రవరిలో నిశ్చయమైంది. ఇంగ్లండ్‌లోని స్నేహితుడికి ఆ వార్త చెబుతూ హెన్రీ రాసిన ఉత్తరం చదివితే నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. పిల్ల అందగత్తె కాదట, అలాగని బొత్తిగా అనాకారి అనడానికీ లేదట. వయసు ఇరవై ఎనిమిదట. మాట్లాడ్డం ఎక్కువే గానీ తెలివిగానే మాట్లాడుతుందట. బట్టలు కట్టుకోవడం రాదట. చెబితే నేర్చుకుంటుంది గనక తాము బాగుచేస్తారట! అది స్నేహితుల మధ్య వేళాకోళమే అనుకోండి. ప్రేమ లేకపోలేదు. కానీ ఈ కాలపు అమ్మాయి ఎవరైనా ఆ ఉత్తరం చూస్తే సంబంధం అక్కడితో సరి.

హెన్రీ అన్న చార్లెస్ ఈ సంబంధం వినగానే బెదిరిపోయాడు. ఆ కుటుంబంలో అందరికీ పిచ్చేనని, పిన్నమ్మలాగే ఈ పిల్ల కూడా ప్రాణం తీసుకుంటుందని అనేశాడు. క్లోవర్ పిన్ని ఒకావిడ 1853లో అలా పోయిన మాట నిజమే. అయితే ఆ ఒక్కమాట పట్టుకుని తరువాత చాలామంది క్లోవర్ జీవితమంతా రక్తంలోని దోషంగా తేల్చేశారు. ఉత్తరాలు చదివాక నాకు అలా తేల్చడానికి మనసొప్పలేదు.

1872 జూన్ 27న బెవర్లీ ఫార్మ్స్‌లో, తండ్రి వేసవి ఇంట్లో, అతి దగ్గరివాళ్ళ మధ్య పెళ్ళయింది. వధూవరులు యూరప్ వెళ్ళి, అక్కణ్ణించి ఈజిప్టు చేరి, పడవలో నైలునది మీద ప్రయాణం చేశారు. తండ్రికి వారం వారం ఉత్తరాలు రాయడం ఈ ప్రయాణంలోనే మొదలైంది. గుళ్ళూ గోపురాలూ చూసినవాళ్ళంతా పొంగిపోతుంటే తన కళ్ళూ చెవులూ మూసుకుపోయినట్టుందని, ఏదీ మనసుకెక్కడం లేదని ఆ కొత్త పెళ్ళికూతురు తండ్రి దగ్గర దాచకుండా చెప్పుకుంది. మధ్యలో కొన్నాళ్ళు ఉత్తరాలే లేవు. మళ్ళీ మొదలయ్యేసరికి మామూలు మనిషయింది.

1877లో ఆడమ్స్ దంపతులు వాషింగ్టన్‌కు మకాం మార్చారు. 1880 నుంచి కాపురం లఫాయెట్ స్క్వేర్ మీద, అధ్యక్ష భవనానికి ఎదురుగా. సాయంత్రం అయిదు గంటలకు క్లోవర్ ఇంట్లో టీకి పిలుపు రావడమంటే ఆ రోజుల్లో మంత్రిపదవి రావడం కంటే కష్టం. సెనెటర్ బ్లెయిన్ లంచగొండి అని ఆవిడకు అనుమానం. ఎంత పెద్ద నాయకుడైనా గడప తొక్కనివ్వలేదు. 1882లో ఆస్కార్ వైల్డ్ ఊళ్ళోకొస్తే, అతన్ని తీసుకురావద్దని హెన్రీ జేమ్స్‌కు ముందే చెప్పేసింది. ఆ జేమ్స్‌కు కూడా చురక తప్పలేదు: ఆయన నవలల్లో నోట పెట్టింది గోరంత, నమిలేది కొండంత అన్న అర్థం వచ్చేట్టు తండ్రికి రాసి పడేసింది. జేమ్స్ తక్కువవాడా, ‘పండోరా’ అనే కథలో ఈ దంపతుల్నే పాత్రలు చేశాడు. తరువాత విదేశాంగ మంత్రి అయిన జాన్ హే, ఆయన భార్య క్లారా, భూగర్భ శాస్త్రజ్ఞుడు క్లారెన్స్ కింగ్, వీళ్ళిద్దరూ కలిసి అయిదుగురూ ‘ఆఠీను అయిదు’ అని తమకు తామే పేరు పెట్టుకున్నారు.

ఈ భోగట్టా అంతా ఆదివారం పొద్దున్న ఉత్తరంలో తండ్రికి చేరేది. హాస్టలు నుంచి ఆదివారం పూట ఇంటికి ఇన్లాండు లెటరు రాసిన పాతతరం వారికి ఆ రుచి తెలుసు. విందులో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, ఏ సెనెటర్ ఏం వాగాడు, కుక్కపిల్లలు ఏం అల్లరి చేశాయి, అన్నీ కలగలుపుగా వచ్చేస్తాయి. ‘డెమోక్రసీ’ అనే నవల 1880లో రచయిత పేరు లేకుండా వచ్చి రాజధానిని కుదిపేస్తే, అది క్లోవరే రాసిందని కొందరు అనుమానించారు. రాసింది హెన్రీ. అనుమానించినవాళ్ళ తప్పేమీ లేదు. ఆ కొంటెతనం ఆవిడ ఉత్తరాల్లోనూ అలాగే వుంటుంది.

పిల్లలు లేరు. 1883లో ఆవిడ ఫోటోగ్రఫీ పట్టుకుంది. కాలక్షేపానికి కాదు. ప్లేటు వివరాలు, వెలుతురు, ఏది చెడిందీ ఏది కుదిరిందీ నోటుబుక్కులో రాసుకుంటూ నేర్చుకుంది. తండ్రిని, భర్తను, కుక్కల్ని టీబల్ల ముందు కూర్చోబెట్టి, అలా నూటికి పైగా ఫోటోలు ఆల్బముల్లో మిగిలాయి. ముసలి చరిత్రకారుడు బాన్‌క్రాఫ్ట్‌ను తీసిన ఫోటో చూసి ‘సెంచరీ’ పత్రిక సంపాదకుడు ముచ్చటపడి అచ్చువేస్తానన్నాడు. ఆడమ్స్ ఇంటి నుంచి వద్దనే జవాబు వెళ్ళింది. తమ వినయమే కారణమన్నట్టు హెన్రీ జాన్ హేకు రాశాడు. ఆ వినయం ఇద్దరిదీనా, ఒకరిదేనా అని అడగాలనిపిస్తుంది. 1884లోనే ఆయన మారుపేరుతో ‘ఎస్తర్’ అనే నవల అచ్చువేయించాడు. అందులో నాయిక చిత్రకారిణి, తండ్రికి ప్రాణంలాంటి కూతురు. ఆ తండ్రి కథలో చనిపోతాడు.

ఏడాది తిరిగేసరికి అంతపనీ అయింది. 1885 మార్చిలో డాక్టర్ హూపర్ మంచం పట్టాడు. క్లోవర్ కేంబ్రిడ్జి వెళ్ళి దగ్గరుండి సేవ చేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో దంపతులు విడిగా వుండడం దాదాపు ఇదే మొదలు. అందుకే, హెన్రీ భార్యకు రాసిన ఉత్తరాలంటూ మనకు మిగిలినవి ముఖ్యంగా ఆ కొద్దివారాలవే. కుక్కల కబుర్లు, పక్కన కట్టిస్తున్న కొత్త ఇంటి గోడల కబుర్లు, ఇంట్లో తానొక్కడూ పడుతున్న దిగులు. పెళ్ళికి ముందు స్నేహితుడికి రాసిన ఆ వెటకారం ఎక్కడా లేదు. నన్నడిగితే, ఆయన ప్రేమలేఖలు ఇవే. పదమూడేళ్ళు ఆలస్యమయ్యాయి.

ఏప్రిల్ 13న తండ్రి పోయాడు. ఆదివారాలు వస్తూనే వున్నాయి, ఉత్తరం రాయడానికి ఎవరూ లేరు. వేసవిలో కొండప్రాంతాలకు తీసుకెళ్ళినా ఆవిడ కోలుకోలేదు. నిద్ర లేదు, తిండి లేదు, తానెందుకూ పనికిరానిదాన్ననే చింత. ఇవాళైతే దీన్ని జబ్బుగా గుర్తించి వైద్యం చేసేవారు. 1885 డిసెంబరు 6, అదీ ఆదివారమే. హెన్రీ పంటి డాక్టరు దగ్గరికని బయలుదేరి, క్లోవర్‌ను చూడాలని ఎవరో రావడంతో గదిలోకి తిరిగి వెళ్ళి చూసేసరికి అయిపోయింది. ఫోటోల పనికి తెచ్చుకున్న రసాయనమే ఆవిడ మింగింది. వయసు నలభై రెండు. అక్కకు రాస్తూ మధ్యలో ఆపిన ఉత్తరం ఒకటి దొరికింది. అందులో భర్త మీద ఫిర్యాదు లేదు. ఆయన ఓర్పుకూ ప్రేమకూ దేవుడే అసూయపడాలన్నట్టు రాసింది. నిలదొక్కుకోవడానికి తనలో ఒక్క మంచిగుణమైనా వుంటే బాగుండునని రాసింది.

హెన్రీ తన డైరీలు, ఉత్తరాలు చాలావరకు తగలబెట్టాడు. రాక్ క్రీక్ శ్మశానంలో సెయింట్ గాడెన్స్ చేత కంచువిగ్రహం చేయించాడు. 1891లో నిలిపిన ఆ విగ్రహం ముసుగు కప్పుకుని కూర్చున్న మనిషి. ఆడో మగో చెప్పలేం. దాని మీద పేరు లేదు, తేదీ లేదు. 1918లో తానూ ఆ పక్కనే చేరాడు.

అయితే తండ్రి దగ్గర చేరిన ఉత్తరాలు హెన్రీ చేతిలో బూడిద కాలేదు. పుట్టింటివాళ్ళు దాచుకున్నారు. అన్న కూతురి భర్త వార్డ్ థోరన్ వాటిని కూర్చి 1936లో అచ్చువేయించాడు. ఆవిడ పోయిన యాభై ఏళ్ళకు లోకం ఆ గొంతు విన్నది. పుస్తకం అట్ట మీద మాత్రం మేరియన్ అని గానీ క్లోవర్ అని గానీ లేదు. ‘మిసెస్ హెన్రీ ఆడమ్స్ ఉత్తరాలు’ అనే వేశారు.