నాలుగవ మస్కటీరు – జాక్ బ్రూన్యో

ఫ్రాన్సు దేశపు 'నలుగురు మస్కటీర్ల' పేరు వినని టెన్నిసు అభిమాని అరుదు. డ్యూమా నవలలోని వీరుల పేరును ఆ దేశస్థులు తమ నలుగురు ఆటగాళ్లకు ముద్దుగా పెట్టుకున్నారు. లాకోస్త్ బుద్ధిబలం, కోషే అలవోకతనం, బాస్కు టోపీతో బొరోత్రా చేసే విన్యాసాలు ఎందరో వర్ణించారు. నాలుగవవాడైన జాక్ బ్రూన్యో దగ్గరకు వచ్చేసరికి కథకులు ఒక వాక్యంతో సరిపెడతారు. నిజానికి నలుగురిలోనూ పెద్దవాడు అతడే. 1895 మే 11న పారిస్‌లో జన్మించాడు.

ఒంటరి ఆటలో అతడు అసమర్థుడు కాడు. 1926లో వింబుల్డన్ సెమీఫైనలు దాకా వెళ్లి, అయిదవ సెట్టును 7–9తో పోగొట్టుకుని అమెరికన్ కిన్సీ చేతిలో ఓడిపోయాడు. ఆ ఏడాదే డబుల్స్ ఫైనలులో కోషేతో కలిసి అదే కిన్సీ జంటను ఓడించాడు. అతని జీవితమంతా ఈ రెండు ఫలితాలలోనే ఉన్నదనిపిస్తుంది.

డబుల్స్‌లో కోర్టు వెడల్పు 27 అడుగుల నుంచి 36 అడుగులకు పెరుగుతుంది. కాని అవతల కాచుకునేవారు ఇద్దరు. అక్కడ బలమైన దెబ్బకన్న, వలకు ఆనీ ఆనకుండా ఎదుటివాని కాళ్లవద్దకు దించిన బంతికి విలువ ఎక్కువ. చివరి దెబ్బ కొట్టి చప్పట్లు అందుకునేవాడు ఒకడు. దానికి దారి చేసి పెట్టినవాడు మరొకడు. ఆ రెండవ పని బ్రూన్యోది.

1927లో ఫ్రెంచి డబుల్స్ ఫైనలులో కోషేతో కలిసి బొరోత్రా, లాకోస్త్‌లను గెలిచాడు. మరుసటి ఏడాది బొరోత్రా పక్షాన నిలిచి, కోషే ఉన్న జంటను గెలిచాడు! ప్రపంచంలోని మేటి పోటీలలో అతడు సాధించిన పురుషుల డబుల్స్ విజయాలు పది: కోషేతో అయిదు, బొరోత్రాతో అయిదు. స్వభావంలో ఏమాత్రం పోలికలేని ఇద్దరితో సరిసమానంగా ఇమడటం సామాన్యం కాదు. అది ధనాశకు తావులేని అమెచ్యూరు కాలమని కూడా గుర్తుంచుకోవాలి.

1927 సెప్టెంబరులో ఫిలడెల్ఫియాలో ఫ్రాన్సు తొలిసారి డేవిస్ కప్పు గెలిచింది. ఆ చారిత్రక విజయంలో బ్రూన్యోకు దక్కింది ఓటమి. బొరోత్రాతో ఆడి, టిల్డెన్, హంటర్ల చేతిలో చివరి సెట్టులో ఒక్క గేమయినా దక్కకుండా ఓడిపోయాడు. మరునాడు లాకోస్త్, కోషే కప్పును గెలిచి తెచ్చారు.

ఆ బాకీ 1931లో తీరింది. అప్పటి డేవిస్ కప్పు పోరులో మొత్తం ఆటలు అయిదు: మొదటి, మూడవ రోజులలో రెండేసి సింగిల్స్, నడుమ ఒక్క డబుల్స్. పారిస్‌లో బ్రిటన్ ఎదురుగా నిలిచింది. కోషే తన రెండు సింగిల్స్ గెలిచాడు. బొరోత్రా రెండూ ఓడాడు. కప్పును నిలిపినది నడుమ రోజున కోషే, బ్రూన్యోలు హ్యూస్, కింగ్స్లీలపై సాధించిన గెలుపు. ఫ్రాన్సు 3–2తో బయటపడింది. అప్పటికి బ్రూన్యో వయస్సు ముప్పదియారు. ఆ తరువాత కూడ బొరోత్రాతో కలిసి 1932, 1933లలో వింబుల్డన్, 1934లో ఫ్రెంచి డబుల్స్ గెలిచాడు.

1976లో నలుగురికీ ఒకేసారి అంతర్జాతీయ టెన్నిసు కీర్తిమందిరంలో స్థానం లభించింది. 1978 మార్చి 20న బ్రూన్యో కన్నుమూశాడు. నలుగురిలో ముందుగా వెళ్లినవాడు అతడే. పారిస్‌లోని రోలాఁ గారోస్ ప్రధాన కోర్టు నాలుగు వైపుల గ్యాలరీలకు ఆ నలుగురి పేర్లున్నాయి. అక్కడ పురుషుల డబుల్స్ విజేతలకిచ్చే కప్పు మీద మాత్రం బ్రూన్యో పేరొక్కటే.