ఓల్నీ భక్తకవి విలియం కూపర్

ఆంగ్ల క్రైస్తవ గీతకర్తలలో విలియం కూపర్ అగ్రగణ్యుడు. 1731 నవంబరులో ఇంగ్లాండునందలి బర్కంస్టెడ్ పట్టణమున ఒక సంఘకాపరి గృహమునందు ఆయన జన్మించెను. ఆరవ యేట తల్లి మరణించెను. ఆ దుఃఖము ఆయనను జీవితాంతము విడువలేదు. న్యాయశాస్త్రము నభ్యసించిన పిమ్మట, 1763లో ప్రభువుల సభలో ఒక ఉద్యోగమునకు ఆయన పేరు ప్రతిపాదింపబడెను. అందుకై జరుగవలసిన పరీక్షను తలంచుకొని భయపడి, మతి చలించి, ఆత్మహత్యకు సైతము ప్రయత్నించెను. సెయింట్ ఆల్బన్స్‌లో డాక్టర్ కాటన్ నడుపుచుండిన చికిత్సాలయమున నుండగా, 1764లో రోమా పత్రిక మూడవ అధ్యాయమును చదివి, క్రీస్తు రక్తమువలన కలుగు విమోచనమును గ్రహించి సమాధానము పొందెను.

తరువాత హంటింగ్డన్‌లో అన్‌విన్ కుటుంబముతో నివసించెను. 1767లో ఆ గృహయజమాని గుఱ్ఱముపైనుండి పడి మరణింపగా, పరామర్శింప వచ్చిన జాన్ న్యూటన్ ఆహ్వానముపై, శ్రీమతి అన్‌విన్‌తోకూడ ఓల్నీకి చేరెను.

న్యూటన్ ఆయనకంటె ఆరేండ్లు పెద్దవాడు. పూర్వము బానిసలను కొనిపోవు ఓడలకు అధిపతి. 1764 నుండి ఓల్నీలో దైవసేవకుడు. ఒకరు సముద్రపు తుపానులకు అలవాటుపడినవారు, మరియొకరు చిన్న మాటకే కలతచెందువారు. అయినను వారి స్నేహము గాఢమాయెను. ఇరువురి తోటలమధ్యనున్న పండ్లతోటగుండా నడచుటకై సంవత్సరమునకు ఒక గినీ చెల్లించి దారి సంపాదించుకొనిరి. లేసు అల్లి పొట్టపోసుకొను ఆ ఊరి బీదలను కలిసి దర్శించిరి. ప్రార్థనకూటములకై ఇరువురును గీతములు వ్రాయుచు, 1771 ప్రాంతమున వానిని ఒక గ్రంథముగా ప్రకటింప సంకల్పించిరి.

1773 జనవరిలో కూపర్‌కు వ్యాధి తిరుగబెట్టెను. అమేజింగ్ గ్రేస్ అను న్యూటన్ గీతము ఆ నూతన సంవత్సరదిన ఆరాధనకై వ్రాయబడినదే. ఒక మిత్రుడు కృపనుగూర్చి బోధించిన ఆ నెలలోనే, వేరొక మిత్రుడు తాను ఆ కృపకు వెలుపల నున్నానని నమ్మసాగెను. దేవుడు తన్ను విసర్జించెనని ఆయనకు దృఢముగా తోచెను. మరల ఎన్నడును ఆలయమున అడుగుపెట్టలేదు.

న్యూటన్ ఆయనను 1773 ఏప్రిల్ మొదలు సంవత్సరమునకు పైగా తన యింటనే ఉంచుకొని కాపాడెను. వాదించియు బోధించియు ఆ భ్రమను తొలగింపలేకపోయెను గాని, మిత్రుని విడువలేదు. గ్రంథరచన కొంతకాలము నిలిచిపోయెను. తుదకు 1779లో ఓల్నీ గీతములు వెలువడెను. అందలి 348 గీతములలో అరువదికి పైగా కూపర్ వ్రాసినవి. అవి తనవిగా ఎంచబడకుండునట్లు న్యూటన్ వానికి మిత్రుని పేరులోని మొదటి అక్షరమును గుర్తుగా నుంచెను.

న్యూటన్ లండనుకు తరలిన పిమ్మటయు వారి స్నేహము ఉత్తరములమూలమున సాగెను. 1785లో ప్రకటితమైన ది టాస్క్ అను కావ్యము కూపర్‌కు గొప్ప కీర్తి తెచ్చెను. 1788లో బానిస వ్యాపారమునకు విరోధముగా న్యూటన్ చిన్న గ్రంథమును, కూపర్ పద్యములను వ్రాసిరి. కూపర్ 1800 ఏప్రిల్ 25న ఈస్ట్ డీరహమ్‌లో మరణించెను. అంతవరకును ఆయన నిరాశ పూర్తిగా తొలగలేదు. ఆ వ్యాపారమును పార్లమెంటు నిషేధించిన 1807వ సంవత్సరముననే న్యూటన్ కన్నుమూసెను.

అనేకులకు నిశ్చయతనిచ్చిన గీతకర్త తాను దానిని అనుభవింపలేకపోవుట మనకు వింతగా తోచవచ్చును. అయితే మనోవ్యాధి అవిశ్వాసము కాదు. రక్షణకు ఆధారము మన అనుభూతి కాదు, క్రీస్తు చేసిన కార్యమే. పాడలేక మౌనముగా నుండు సహోదరులు నేటి సంఘములలోను కలరు. వారికి తీర్పుకంటె, న్యూటన్ వలె తలుపు తెరచి ఉంచు మిత్రుడు అవసరము.