తలుపు సందులోంచి చూడొద్దు!

మా నాయనమ్మకు దేవకన్యలంటే భయం లేదు, మర్యాద ఉండేది. మిర్యాలగూడలో మా చిన్నతనంలో ఎండాకాలం సెలవుల్లో మిట్టమధ్యాహ్నం చెరువుకు పోతామంటే అస్సలు ఒప్పుకునేది కాదు. అది వాళ్లు జలకాలాడే వేళట. తప్పదనుకుంటే గట్టు మీదే నిలబడి, గట్టిగా దగ్గి, మేం వస్తున్నామని చెప్పి మరీ దిగాలి. దోసెడు నీళ్లు నెత్తిన చల్లుకోవాలి. పూలు కోస్తే కొమ్మకు రెండైనా వదిలిపెట్టాలి. అన్నింటికన్నా పెద్ద నియమం ఇంకొకటుంది... చాటుగా చూడకూడదు. ఎదురైతే దండం పెట్టుకోవచ్చు కానీ చెట్టు చాటు నుంచో, తలుపు సందులోంచో తొంగి చూడకూడదు. చూస్తే ఏం చేస్తారని అడిగితే, ఏమీ చెయ్యరు, వెళ్లిపోతారని చెప్పేది. మళ్లీ రారట. అంతే!

శపిస్తారనో, పట్టుకుంటారనో అంటే ఇంత గుర్తుండేది కాదేమో. వెళ్లిపోతారన్న మాటే నన్ను వదల్లేదు.

పెళ్లయి కోదాడ వచ్చాక ఒకసారి సూర్యాపేటలో ఉన్న మా పిన్ని నన్ను పిల్లలమర్రి గుళ్లకు తీసుకెళ్లింది. పేట దాటి నాలుగడుగులేసినట్టే, పక్కనే ఊరు. కాకతీయుల కాలంలో రేచర్ల రెడ్లు కట్టించిన శివాలయాలు అవి. వాటిలో ఎరకేశ్వరాలయం కట్టించింది బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ. 1208లో ఒక ఇల్లాలి పేరున గుడి వెలిసిందంటే ముచ్చటేసింది. నల్లరాతి స్తంభాల మీద నాట్యం చేసే స్త్రీమూర్తులను చూపించి, వీళ్లేనా నాయనమ్మ చెప్పిన దేవకన్యలు అని పిన్నిని అడిగాను. ఆమె నవ్వి, ఈ ఊరి పేరే ఇంటిపేరుగా ఉన్న ఒక కవి కథ చెప్పింది. ఆయనే పిల్లలమర్రి పినవీరభద్రుడు. పిల్లలమర్రి వాళ్లు ఆయన్ని ఈనాటికీ తమ ఊరి బిడ్డగానే చెప్పుకుంటారు.

ఆయన పదిహేనో శతాబ్దం వాడు. తండ్రి గాదయమంత్రి, తల్లి నాగాంబిక. అన్న పెదవీరన. పినవీరన రాసిన వాటిలో మనకు దక్కినవి రెండే కావ్యాలు. మొదటిది శృంగార శాకుంతలం. చిల్లర వెన్నయమంత్రికి అంకితమిచ్చాడు. భారతంలోని శకుంతల కథనూ, కాళిదాసు నాటకాన్నీ కలిపి చేసిన కావ్యమది.

శకుంతల ఎవరి కూతురో మనకు తెలుసు కదా. మేనక అప్సరస. అప్సరసలంటే నీళ్లకు చెందినవాళ్లు. ఆ మాటలోనే నీరుంది. పాలసముద్రం చిలికితే పుట్టారని పురాణాలు చెబుతాయి. చెరువు దగ్గర జాగ్రత్తగా ఉండమన్న నాయనమ్మకు ఈ సంగతి ఎవరు చెప్పారో! మేనక బిడ్డను అడవిలో వదిలి వెళితే పక్షులు కాచాయి, కణ్వుడు పెంచాడు. అంత మాత్రాన ఆ తల్లి బిడ్డను మరిచిపోయిందని అనుకోకండి. కాళిదాసు నాటకంలో భర్త నిండు సభలో కాదన్నప్పుడు, ఏడుస్తూ వెళ్తున్న శకుంతలను స్త్రీ ఆకారంలో ఉన్న ఒక వెలుగు వచ్చి ఎత్తుకుపోతుంది. పుట్టింటి దిక్కు లేదనుకున్న ఆడపిల్లకు పైనుంచి పుట్టిల్లు దిగి వచ్చిందన్నమాట!

ఈ అప్సరసల కథలన్నింటిలో ఒక షరతు ఉంటుంది. ఊర్వశి పురూరవుడితో కాపురం చేసింది గానీ, అతను దిగంబరంగా తన కంటపడకూడదంది. గంధర్వుల పన్నాగంతో ఒక మెరుపు మెరిసి ఆ మాట కాస్తా తప్పింది. ఊర్వశి వెళ్లిపోయింది. అప్సరస కాకపోయినా గంగమ్మదీ అదే తీరు. ఏం చేసినా ఎందుకని అడగొద్దని శంతనుడికి ముందే చెప్పింది. అతను అడిగాడు, ఆమె వెళ్లిపోయింది. ఎవరూ పెద్ద కోరికలేం కోరలేదు. ఒక చిన్న మర్యాద, ఒక చిన్న మరుగు... అంతే కదా!

పినవీరన రెండో కావ్యం జైమిని భారతం. చంద్రగిరి ఏలిక సాళువ నరసింహరాయలకు అంకితం. 1485లో విజయనగర సింహాసనం ఎక్కింది ఈయనే. ధర్మరాజు అశ్వమేధ గుర్రం వెంట అర్జునుడు తిరిగే కథ అది. గుర్రం ఆడవాళ్లే ఏలుకునే రాజ్యంలోకి పోతే, అక్కడి రాణి ప్రమీల ముందు అర్జునుడంతటి వాడికీ బలం చాలదు. చివరికి కొడుకు బభ్రువాహనుడి చేతిలోనే అర్జునుడు పడిపోతే, ఆయన్ని బతికించే దారి నాగకన్య ఉలూచి చూపుతుంది.

ఈ పుస్తకం పుట్టుక గురించి తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. అది చరిత్ర కాదు, ఐతిహ్యం. అయినా వినండి. రాయలు గడువు పెట్టి కావ్యం రాయమన్నాడట. పినవీరన ఇవాళ రేపు అంటూ రోజులు దొర్లించేశాడు. మర్నాడే గడువు, ఒక్క పద్యమూ రాయలేదు. అన్నగారికి ఒకటే కంగారు. పినవీరన మాత్రం ఆ రాత్రి గది శుభ్రం చేయించి, దీపం పెట్టి, తాళపత్రాలు, గంటం సిద్ధం చేసి, ఎవరూ రావొద్దని చెప్పి తలుపు మూసుకున్నాడు. అర్ధరాత్రి గదిలో గంటం చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. అన్నగారు ఉండబట్టలేక సందులోంచి తొంగి చూశాడు. తమ్ముడు హాయిగా నిద్రపోతున్నాడు. రాస్తున్నది సాక్షాత్తూ సరస్వతీదేవి! చూసింది బావగారని తెలిసి ఆమె సిగ్గుపడి, గంటం వదిలి మాయమైపోయిందట. మిగిలింది పినవీరన తానే పూర్తి చేసుకోవలసి వచ్చింది. వాణి తన రాణి అని ఆయన సభలో గర్వంగా చెప్పుకున్నాడనీ అంటారు.

చదువుల తల్లికి కూడా బావగారు కనబడితే తప్పుకోవలసిన పరిస్థితి వచ్చిందంటే, కథ చెప్పిన వాళ్ల ఇళ్లల్లో కోడళ్లు ఎలా బతికారో అర్థమవుతుంది కదూ! నాకు మాత్రం అంతకన్నా ముఖ్యమైంది మరొకటి కనిపిస్తుంది. పినవీరన ఆమెను ఏమీ అడగలేదు. పక్కన కూర్చుని పర్యవేక్షించలేదు. చోటు శుభ్రం చేసి, వెలుగు పెట్టి, తలుపు వేసి, నమ్మి నిద్రపోయాడు. అన్నగారు చెడ్డవాడేం కాదు. తమ్ముడి పరువు పోతుందని బెంగపడ్డాడు. బెంగతోనే తొంగి చూశాడు.

ఆ అన్నగారిని నేను ఏమీ అనలేను. ఎందుకంటే ఆయన చేసిన పని నేనూ చేశాను.

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా సాయంత్రం కాగానే గది తలుపు దగ్గరకు వేసుకుని నోటు పుస్తకంలో ఏదో రాసుకునేది. నేను వెళితే మూసేసేది. ఆడపిల్ల తల్లిని కదా, లేనిపోని భయాలు. ఒకరోజు తను బడికి వెళ్లాక ఆ పుస్తకం తీసి చదివాను. ప్రేమలేఖలు కావు, కథలు! మా నాయనమ్మ చెరువు గట్టు, దేవకన్యలు, నేను పడుకునేటప్పుడు చెప్పినవే, ఇంకా అందంగా. నా సంతోషం పట్టలేక ఆ వారం ఇంటికొచ్చిన చుట్టాల ముందు గట్టిగా చదివి వినిపించాను. అందరూ నవ్వారు. మెచ్చుకోలు నవ్వే అనుకోండి. పిల్ల మొహం మాత్రం పాలిపోయింది. ఏడవలేదు, అలగలేదు. ఆ పుస్తకం మళ్లీ ఎప్పుడూ తీయలేదు. రాయమని బతిమాలాను, కొత్త పుస్తకాలు కొనిచ్చాను. ఫలితం లేదు. నాయనమ్మ ముందే చెప్పింది కదా, కోప్పడరు... వెళ్లిపోతారని!

రెండేళ్లు గడిచాయి. పిల్లలమర్రి వెళ్లొచ్చింది ఆ రోజుల్లోనే. పినవీరన కథ విని ఇంటికొచ్చి, మర్నాడే వడ్రంగిని పిలిపించి అమ్మాయి గదికి లోపలి నుంచి గడియ పెట్టించాను. తను ఎందుకని అడిగితే, నాయనమ్మ చెప్పిన నియమమూ, నేను తప్పిన సంగతీ చెప్పాను. కూతురికి క్షమాపణ చెప్పడం అలవాటు లేని నోరు కదా, మాటలు తడబడ్డాయి. తను ఏమీ అనలేదు.

తర్వాత కొన్నాళ్లకు ఒక రాత్రి మంచినీళ్ల కోసం లేచాను. గడియ వేసి ఉంది. తలుపు కింద సన్నగా వెలుతురు. చెవి పెట్టి వింటే కలం చప్పుడు వినబడదని తెలుసు. అయినా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఏం రాస్తోందో, అసలు రాస్తోందో చదువుతోందో!

చెరువు గట్టు గుర్తొచ్చింది. గట్టిగా ఒక్కసారి దగ్గి, నేను ఇటుగా పోతున్నానని తెలిసేలా చెప్పులు చప్పుడు చేస్తూ, అటు చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయాను.