ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగ్

ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకుని ఆటోనగర్ మసీదు మెట్లు దిగుతుండగా ఒక ఉస్తాద్ మమ్మల్ని ఆపారు. ముప్పై ఏళ్ళుగా లారీ ఇంజన్లు విప్పి బిగిస్తున్న మనిషి. ఆయన కుమారుడు మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. మార్కులు బాగానే వస్తున్నాయి. కానీ సెలవుల్లో షెడ్డుకు రమ్మంటే రాడు. క్రాంక్ షాఫ్ట్ గురించి పది పేజీలు రాయగలడు, ఎదురుగా ఉన్న క్రాంక్ షాఫ్ట్‌ను ముట్టుకోవడానికి జంకుతాడు. అదే షెడ్డులో పనిచేసే మేనల్లుడు ఇంజన్ చప్పుడు విని జబ్బు ఏమిటో చెప్పేస్తాడు. అతని చదువు పదో తరగతి దగ్గరే ఆగిపోయింది. మౌల్వీ సాబ్, ఈ ఇద్దరిలో ఎవరిని ఇంజనీరు అనాలి అని ఆయన అడిగారు.

మేము మదరసాలో చదువుకుని, పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాళ్ళం. యంత్రాల సంగతి మాకు తెలియదు. అయితే ఆ ప్రశ్న వినగానే ఒక మహనీయుని జీవితం మా మనసులో మెదిలింది. విజయవాడ నుంచి ఖమ్మం జిల్లాకు వెళ్ళేవారికి వైరా జలాశయం పరిచయమే. కాస్త దూరంలో పాలేరు జలాశయం ఉంది. ఆ రెండూ ఆయన పర్యవేక్షణలో వెలసినవే. ఆయనే నవాబు అలీ నవాజ్ జంగ్ బహాదుర్.

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాదులో జన్మించారు. సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూలులో, మదర్సా-ఎ-ఆలియాలో, తర్వాత నిజాం కాలేజీలో చదివారు. ఆ రోజుల్లో నిజాం రాజ్యంలో ఇంజనీరింగ్ కళాశాల లేదు. ఆ విద్య కావాలంటే గిండీకో రూర్కీకో వెళ్ళాలి, లేదా సముద్రం దాటాలి. 1896లో సర్కారు ఉపకార వేతనం లభించడంతో, పంతొమ్మిదేళ్ళ ఆ యువకుడు ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలకు వెళ్ళారు.

హిందూస్థాన్‌లో కాలువలు, రోడ్లు, వంతెనలు కట్టే ఇంజనీర్లను తయారుచేయడానికే నెలకొల్పిన కళాశాల అది. అక్కడ గణితంతో పాటు సర్వే పనీ, వర్క్‌షాపు పనీ నేర్పేవారు. గొలుసు పట్టి నేల కొలవడం, కొలిచినదాన్ని కాగితం మీద గీయడం, ఇనుము, కలప స్వభావాన్ని చేతితో తెలుసుకోవడం చదువులో భాగంగా ఉండేవి. అహ్మద్ అలీ ప్రతిభ చూపి, 1899లో స్వదేశానికి తిరిగి వచ్చి, ప్రజా పనుల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరారు.

1908 సెప్టెంబరులో మూసీ నది పొంగి హైదరాబాదులో వేలాది ప్రాణాలను బలిగొన్నది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహా మేరకు ఎగువన రెండు జలాశయాలు కట్టాలని నిర్ణయమైంది. అలీ నవాజ్ జంగ్ శాఖలో ఉన్నత పదవులు నిర్వహించిన కాలంలోనే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. 1918 నాటికే ఆయన చీఫ్ ఇంజనీరు. ఆయన పేరు చిరస్థాయిగా నిలిపినది నిజాం సాగర్. మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో ముగిసిన ఈ నిర్మాణం 2.75 లక్షల ఎకరాలకు నీరివ్వడానికి ఉద్దేశించినది. నిజామాబాదు ప్రాంతంలో వరి, చెరకు విస్తరించాయి. బోధన్‌లో చక్కెర కర్మాగారం వెలసింది.

సింధులోని సుక్కూరు బరాజ్ పనులను పరిశీలించడానికి బొంబాయి ప్రభుత్వం విశ్వేశ్వరయ్యతో పాటు పిలిచింది కూడా ఆయననే. 1938లో జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘంలో నీటిపారుదల ఉపసంఘానికి ఆయన అధ్యక్షులు. 1949 డిసెంబరు 6న కన్నుమూశారు. ఆయన జన్మదినమైన జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుకుంటోంది.

ఆయన జీవితకాలంలోనే ఇంజనీరింగ్ చదువులో ఒక పెద్ద మార్పు జరిగింది. సీమకు పంపగలిగింది కొద్దిమందినే. ఆనకట్టలకూ కాలువలకూ కావలసింది వందల మంది. నిజాం సాగర్ పనులు సాగుతుండగానే, 1929లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కళాశాల తెరిచింది. బోధన ఉర్దూలో! దారుత్తర్జుమా అనే అనువాద శాఖ గణితానికి, విజ్ఞాన శాస్త్రాలకు, ఇంజనీరింగ్‌కు ఉర్దూలో పుస్తకాలు, పారిభాషిక పదాలు సమకూర్చింది. దేశ భాషలో ఇంజనీరింగ్ చెప్పలేమన్న భయాన్ని ఆ కళాశాల పోగొట్టింది.

ఉర్దూను ప్రేమించే మేమే ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ రాజ్యంలో అధిక సంఖ్యాకుల ఇంటి భాష తెలుగు, మరాఠీ, కన్నడం. నల్గొండ రైతుబిడ్డకు ఉర్దూ కూడా ఇంగ్లీషులాగే కష్టపడి నేర్చుకోవలసిన భాష. ఆ లోపాన్ని ఆనాడు ఎవరూ సరిదిద్దలేదు. 1948 తర్వాత బోధన ఇంగ్లీషులోకి మారిపోయింది. 2021లో గాని అఖిల భారత సాంకేతిక విద్యా మండలి తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లో బి.టెక్ బోధనకు అనుమతి ఇవ్వలేదు. అదే మండలి 2018లోనే నమూనా పాఠ్య ప్రణాళికను 160 క్రెడిట్లకు కుదించి, విద్యార్థులు పరిశ్రమల్లో పని నేర్చుకోవడాన్ని తప్పనిసరి చేసింది. అర్థమయ్యే భాషలో చదవాలి, చేతితో చేసి నేర్చుకోవాలి అన్న రెండు సంగతులూ అలా మళ్ళీ ముందుకు వచ్చాయి.

కానీ కాగితం మీద రాసినంత మాత్రాన చదువు మారదు. పని నేర్చుకోకుండానే నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ తెచ్చుకుంటే, మోసపోయేది ఆ కుర్రవాడే. ఉద్యోగం ఇచ్చేవారు ఇంగ్లీషు కూడా అడుగుతారు కనుక, విషయం తెలుగులో అర్థం చేసుకుని ఇంగ్లీషులో చెప్పడం కూడా నేర్వాలి.

అందుకే ఆ ఉస్తాద్‌కు మేము ఇలా చెప్పాము. మీ ఇంట్లో ఒక ఇంజనీరు రెండు ముక్కలై ఉన్నాడు. ఈ వేసవిలో కుమారుణ్ణి నవాబుల కథ చెప్పి షెడ్డుకు తీసుకురండి. నవాబు బిరుదు పొందిన మనిషే నేల కొలిచి, వర్క్‌షాపులో చెమటోడ్చి ఇంజనీరైనప్పుడు, తండ్రి చేతి గ్రీజు చూసి సిగ్గుపడవలసినది ఏముంది? మేనల్లుణ్ణి పానా పట్టుకునే చోటే వదిలేయకండి. పదో తరగతి పాసైతే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాయించండి. డిప్లొమా చేతికొస్తే ఈసెట్ రాసి నేరుగా బి.టెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు.

ఆయన తల ఊపారు గాని, మేనల్లుడు చదువుకు పోతే షెడ్డులో చేయి విరిగినట్టే కదా అని నిట్టూర్చారు. ఆ నిట్టూర్పులో న్యాయం లేకపోలేదు. ఒక జత చేతుల సంపాదన మూడేళ్ళు ఆగడం పేద ఇంటికి చిన్న సంగతి కాదు. అలీ నవాజ్ జంగ్‌ను సర్కారు వేతనం సముద్రం దాటించింది. మన పిల్లవాడిని ఆటోనగర్ నుంచి పాలిటెక్నిక్ గేటు దాకా దాటించడానికి మన జమాతు, మన బంధువులు, మన షెడ్ల యజమానులు ఏం చేయగలరో పాఠకులు ఆలోచించాలి.