జానపద బ్రహ్మ విఠలాచార్య: పొదుపులో పుట్టిన మాయాలోకం

కట్టెలకు బదులు తన కాళ్లనే పొయ్యిలో పెట్టి వంట చేసే దయ్యం తెలుగు ప్రేక్షకుల జ్ఞాపకాల్లో చెరగని దృశ్యం. చూసినవారు ముందు ఉలిక్కిపడ్డారు, మరుక్షణమే పకపకా నవ్వారు. ఒకే దృశ్యంతో భయాన్నీ నవ్వునూ కలిపి పండించడం, అదీ అతి తక్కువ ఖర్చుతో సాధించడం బి.విఠలాచార్యకు వెన్నతో పెట్టిన విద్య. దక్షిణాది వెండితెరపై దయ్యాలకూ మాంత్రికులకూ చిరునామాగా మారిన ఆయన బడిలో చదివింది మూడో తరగతి వరకే.

విఠలాచార్య 1920లో కన్నడ సీమలోని ఉడుపి ప్రాంతంలో జన్మించారు. తండ్రి ఆయుర్వేద వైద్యులు. రాత్రంతా సాగే యక్షగానంలో రంగులు పూసుకున్న రాక్షస వేషాలు కేకలతో రంగప్రవేశం చేసే నేల అది. భూతాలను తరిమివేయక, కొలువు చేసి న్యాయం కోరే సంప్రదాయం కూడా ఆ తీరానిదే. నాటకాలన్నా యక్షగానమన్నా ఆ బాలునికి చిన్ననాటి నుంచే ప్రాణం. తొమ్మిదేళ్ల వయసులో ఇల్లు విడిచి అరసికెరె చేరి, చిన్నాచితకా పనులు చేసుకుంటూ చివరకు ఒక హోటల్‌కు యజమాని అయ్యారు. క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్లారు. విడుదలయ్యాక హోటల్‌ను తమ్మునికి అప్పగించి, మిత్రులతో కలిసి హాసన్ జిల్లాలో టూరింగ్ టాకీస్ ప్రారంభించారు.

ఆయనకు అసలైన పాఠశాల ఆ డేరా సినిమానే. నేల మీద కూర్చున్న రైతులు, కూలీలు ఎక్కడ ఊపిరి బిగబడతారో, ఎక్కడ ఈల వేస్తారో, ఎక్కడ విసుగెత్తి బీడీ వెలిగించుకోవడానికి లేస్తారో టికెట్లు అమ్మే మనిషికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. తరువాతి జీవితమంతా విఠలాచార్య ఆ ప్రేక్షకుని కోసమే సినిమాలు తీశారు.

డి.శంకర్ సింగ్ తదితరులతో కలిసి మైసూరు కేంద్రంగా నడిపిన మహాత్మా పిక్చర్స్ సంస్థ జానపద చిత్రాలకు పేరు తెచ్చుకుంది. 1951లో శంకర్ సింగ్ దర్శకత్వంలో ఆ సంస్థ నిర్మించిన కన్నడ చిత్రం ‘జగన్మోహిని’ విశేష ప్రజాదరణ పొందింది. అనంతరం విఠలాచార్య సొంతంగా విఠల్ ప్రొడక్షన్స్ స్థాపించి మద్రాసుకు తరలివచ్చారు. 1955లో ‘కన్యాదానం’ చిత్రాన్ని తెలుగువారికి అందించారు. అది సాంఘికం. కానీ ఆయన మార్గం జానపదమేనని అచిరకాలంలోనే తేలిపోయింది.

1960 దశకం ఆయనకు స్వర్ణయుగం. 1963లో ఎన్.టి.రామారావుతో ‘బందిపోటు’, మరుసటి ఏడాది ‘అగ్గిపిడుగు’, 1965లో ‘మంగమ్మ శపథం’ తీశారు. ‘గురువును మించిన శిష్యుడు’, ‘జ్వాలాద్వీప రహస్యం’ వంటి చిత్రాలతో కాంతారావును కత్తియుద్ధాల కథానాయకునిగా పల్లెపల్లెకూ చేర్చారు. మైసూరు సోదరులు రాజన్–నాగేంద్రలకు సంగీత దర్శకులుగా కన్నడంలో తొలి అవకాశమిచ్చిన విఠలాచార్య, తెలుగు చిత్రాలలోనూ వారి బాణీలను వినిపించారు.

ఈ చిత్రాలన్నిటికీ మూలసూత్రం పొదుపు. ఒక చిత్రానికి వేసిన కోట మరో చిత్రంలో గుహగానో, మాంత్రికుని మందిరంగానో రూపు మార్చుకునేది. దుస్తులు, కిరీటాలు, కత్తులు మళ్లీమళ్లీ తెరకెక్కేవి. ముందుగా లెక్క వేసుకోనిదే ఆయన చిత్రీకరణకు దిగేవారు కారు. మాయలు మంత్రాలు సైతం కెమెరాలోనే పుట్టేవి. నటుని పక్కకు తప్పించి మళ్లీ కెమెరా తిప్పితే మనిషి మాయమవుతాడు, ఒకే ఫిల్మ్‌పై రెండుసార్లు చిత్రిస్తే దయ్యం గోడలోంచి నడిచి వస్తుంది. కాల్షీట్ల విషయంలో ఇబ్బంది పెట్టిన నటుని పాత్రను శాపవశాత్తూ ఏ చిలుకగానో కోతిగానో మార్చేసి ఆయన చిత్రీకరణ కొనసాగించేవారని సినీ వర్గాలు నేటికీ కథలు కథలుగా చెప్పుకుంటాయి. అందులో అతిశయోక్తి ఎంత ఉన్నా, చిత్రం ఎవరి కోసమూ ఆగరాదన్న ఆయన పట్టుదల మాత్రం వాస్తవం.

జానపదాల జోరు తగ్గి, ఇక ఆయన కాలం ముగిసిందని పలువురు భావించిన తరుణంలో 1978లో మళ్లీ ‘జగన్మోహిని’ వచ్చింది. పాతికేళ్ల కిందటి ఆ పేరును ఆయన ఈసారి తెలుగు తెరపై నిలిపారు. పూర్వజన్మలో తనను వంచించినవానిపై పగతో తిరిగే మోహినిగా జయమాలిని, కథానాయకునిగా నరసింహరాజు, భర్తను కాపాడుకోవడానికి దైవాన్ని నమ్ముకున్న ఇల్లాలిగా ప్రభ నటించారు. అగ్రతారలు లేని ఆ చిత్రం ఘనవిజయం సాధించి, అనువాదమై తమిళ ప్రేక్షకులనూ ఉర్రూతలూగించింది. 2009లో తమిళంలో పునర్నిర్మాణానికీ నోచుకుంది.

ఆ కథలో ఒక పరిమితి లేకపోలేదు. మోసపోయిన స్త్రీకి దక్కింది దయ్యం రూపం, అది కూడా శృంగార ప్రదర్శనకు సాధనమైంది. మోసగించిన పురుషునికి మాత్రం కొత్త జన్మ, రక్షించే భార్య దొరికాయి. అయినప్పటికీ ఆ మోహిని పగ అకారణమైనది కాదని నేల టికెట్ ప్రేక్షకుడు గ్రహించగలిగాడు. మోహినిగానో, చుడేల్‌గానో దక్షిణాసియా అంతటా వినిపించే ఈ కథల్లో బతికుండగా న్యాయం దొరకని స్త్రీలే మరణానంతరం భయపెడతారు.

విమర్శకులు విఠలాచార్య చిత్రాలను పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. నమ్మశక్యం కాని దేనినైనా విఠలాచార్య సినిమా అని ఎగతాళి చేయడం వాడుకగా మారింది. ప్రేక్షకులు మాత్రం ఆయనను జానపద బ్రహ్మగా గౌరవించారు. 1999లో ఆయన కన్నుమూశారు.

ఆ తరువాతి కాలంలో పరిమిత వ్యయంతో భయాన్నీ హాస్యాన్నీ మేళవించిన చిత్రాలు దేశమంతటా ఆదరణ పొందాయి. తెలుగులో 2013 నాటి ‘ప్రేమకథా చిత్రమ్’, హిందీలో 2018 నాటి ‘స్త్రీ’ ఆ కోవలోనివే. కంప్యూటర్ గ్రాఫిక్స్ లేని రోజుల్లో, పొయ్యిలో పెట్టిన కాళ్లతోనే ఆ దారిని చూపినవారు విఠలాచార్య.